అంకె పెరిగిందని హడలొద్దు.. ఆనవాళ్లుంటే ఆగొద్దు

రక్తపరీక్ష రిపోర్టును మనలో చాలామంది చదివే తీరు ఒకటే. ముందు పేరు, వయసు సరిగ్గా ఉన్నాయా అని చూస్తాం. ఆ వెంటనే కళ్లు ముదురు అక్షరాల్లో అచ్చయిన అంకె మీదికి పోతాయి. పక్కన ‘హై’ అని ఉంటే గుండె గుభేలుమంటుంది. షుగరో, కొలెస్ట్రాలో అయితే ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు. అదే ప్రొలాక్టిన్ అయితే దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఫోన్‌లో వెతికితే మొదట కనిపించే మాట ‘మెదడులో గడ్డ’. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి ఎమ్మారైకి డబ్బు ఎలా సర్దాలన్న లెక్కలు మొదలవుతాయి.

బొల్లారం పారిశ్రామికవాడ, పటాన్‌చెరు, పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం.. ఈ పట్టీ అంతా షిఫ్టుల్లో పనిచేసే వయసువాళ్లే ఎక్కువ. కొత్తగా పెళ్లయినవారు, పిల్లల కోసం ఎదురుచూస్తున్నవారు, నెలసరి గతి తప్పిందని ఆసుపత్రికి వెళ్లేవారు, తక్కువ ధరకు వస్తోందని ఒళ్లంతా పరీక్షించే ప్యాకేజీ తీసుకునేవారు. ప్రొలాక్టిన్ అంకె ఈ ఇళ్లలోకి వచ్చే దారులు ఇవే. అక్కడి నుంచి ఎటు నడవాలన్నదే అసలు ప్రశ్న.

నా అభిప్రాయం ఇదీ. ప్రొలాక్టిన్ కాస్త పెరిగిందని తెలిసిన వెంటనే స్కానింగ్‌కు పరుగెత్తాల్సిన పని చాలామందికి లేదు. రక్తం ఏ వేళ తీశారు, ఏ మందులు వాడుతున్నారు అన్నది చూసుకుని, సరైన వేళ పరీక్షను మళ్లీ చేయించుకోవడం మొదటి మెట్టు. అయితే కొన్ని ఆనవాళ్లు ఉన్నవాళ్లు ఒక్క వారం కూడా వాయిదా వేయకూడదు. ఈ రెండు రకాలవాళ్లనూ వేరుచేసి చూడకపోవడం వల్లే ఒక ఇంట్లో అనవసరంగా వేల రూపాయలు పోతున్నాయి, మరో ఇంట్లో చూపు మందగించేదాకా జబ్బు బయటపడటం లేదు.

పాల హార్మోన్.. దానికో కళ్లెం

మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. ప్రొలాక్టిన్ అక్కడ తయారవుతుంది. పావురాలు తమ పిల్లలకు మేతసంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని పెడతాయి. దాన్ని ఊరించే హార్మోన్‌కు 1933లో అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్ బృందం ‘ప్రొలాక్టిన్’ అని పేరు పెట్టింది. మనుషుల్లో ఇది ఎదుగుదల హార్మోన్‌కు వేరైన హార్మోన్ అని స్పష్టంగా తేలింది 1970ల తొలినాళ్లలోనే. అంటే మన తాతముత్తాతల కాలంలో ఈ పరీక్షే లేదు.

బాలింతకు పాలు పడేలా చేయటం దీని ప్రధానమైన పని. అయితే ఇది ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్ల రక్తంలోనూ కొద్దిగా ఉంటుంది. మిగతా సమయాల్లో ఇది హద్దు మీరకుండా మెదడులోని డోపమిన్ అనే రసాయనం కళ్లెంలా పట్టి ఉంచుతుంది. ఈ కళ్లెం సంగతి గుర్తుంచుకోండి. ప్రొలాక్టిన్ పెరగటానికి ఉన్న కారణాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

సాధారణంగా స్త్రీలలో మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల వరకూ, పురుషుల్లో 15-20 వరకూ మామూలుగా భావిస్తారు. ల్యాబును బట్టి ఈ హద్దు కొద్దిగా మారుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. కొన్ని ల్యాబులు నానోగ్రాముల్లో కాకుండా యూనిట్ల లెక్కలో ఫలితం ఇస్తాయి. ఒక నానోగ్రాము దాదాపు 21 మిల్లీ యూనిట్లకు సమానం. ఒక చోట 28 వచ్చిన మనిషికే మరో చోట దాదాపు 600 అని కనిపిస్తుంది. రెండూ ఒకటే. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి ఇరవై రెట్లు పెరిగిందని బెంబేలెత్తే ముందు, అంకె పక్కనున్న కొలమానం చూడండి.

రక్తం ఏ వేళ తీశారు?

ప్రొలాక్టిన్ రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో పెరుగుతుంది. తెల్లవారుజాము నిద్రలో బాగా ఎక్కువగా ఉండి, లేచిన తర్వాత గంటా రెండు గంటల్లో దిగుతుంది. ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడు ఉదయం ఆరింటికే తలుపు కొడతాడు. పరగడుపు పరీక్షలన్నీ ఒకేసారి అయిపోతాయని మనం కళ్లు నులుముకుంటూ చెయ్యి చాపుతాం. షుగరు పరీక్షకు అది మంచి వేళే. ప్రొలాక్టిన్‌కు మాత్రం అంతకన్నా తప్పు వేళ లేదు.

షిఫ్టులవారికి ఇది ఇంకాస్త మెలికపడుతుంది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఏడింటికి గదికి చేరి, పగలు పడుకునేవారికి ప్రొలాక్టిన్ ఆ పగటి నిద్రలోనే పెరుగుతుంది. వాళ్లు మధ్యాహ్నం లేచీ లేవగానే ల్యాబుకు వెళితే అంకె ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. కాబట్టి గడియారం చూడటం చాలదు. నిద్ర లేచి ఎంతసేపైందన్నది ముఖ్యం. కనీసం రెండు మూడు గంటలు గడవాలి. వారపు సెలవు రోజున, ముందు రాత్రి సరిగ్గా పడుకుని, ఉదయం తొమ్మిది పది గంటల మధ్య ఇస్తే అన్నివిధాలా మేలు.

నిద్ర ఒక్కటే కాదు. సూది భయం, ఆందోళన, బరువు పని, వ్యాయామం, కడుపునిండా భోజనం, కలయిక, రొమ్ముల మీద ఒత్తిడి.. ఇవన్నీ ప్రొలాక్టిన్‌ను తాత్కాలికంగా పెంచుతాయి. బస్సు దిగి, మెట్లెక్కి, ఆయాసంతో కుర్చీలో కూర్చున్న వెంటనే రక్తం తీస్తే ఆ హడావుడి కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చున్నాక ఇవ్వండి. ఇలాంటి కారణాలతో వచ్చే పెరుగుదల సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. హద్దు 25 అయితే 32, 38 లాంటి అంకెలు చూసినప్పుడు ముందుగా అనుమానించాల్సింది వీటినే.

మందుల సంచి తెరవండి

బొల్లారం పరిసరాల్లో తయారయ్యే మందుల ముడిసరుకు దేశదేశాలకు వెళుతుంది. ఆ కర్మాగారాల్లో పనిచేసే చాలామంది జేబులో ఉండేది మాత్రం గ్యాస్ బిళ్ల. రాత్రి షిఫ్టులు, వేళ తప్పిన భోజనం, క్యాంటీన్ మసాలా, టీ మీద టీ. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తాయి. మందుల దుకాణంలో అడిగితే ఒక క్యాప్సూల్ చేతిలో పెడతారు. అందులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ లేదా రాబెప్రజోల్‌తో పాటు చాలాసార్లు డోంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటాయి.

ఈ రెండో మందుతోనే పేచీ. డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్.. ఇవి డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. అంటే ఇందాక చెప్పుకొన్న కళ్లెం వదులవుతుంది. ప్రొలాక్టిన్ పరుగందుకుంటుంది. నెలల తరబడి రోజూ వేసుకుంటే నెలసరి తప్పటం, రొమ్ముల నుంచి పాలు రావటం, మగవాళ్లలో కోరిక తగ్గటం దాకా వెళ్లొచ్చు. ఇవి వైద్యుడి చీటీ మీద, అవసరమైనన్ని రోజులు మాత్రమే వాడాల్సిన మందులు. మన దగ్గర వాటిని చాక్లెట్ల మాదిరిగా కొనుక్కుంటున్నారు. పైగా వైద్యుడు ‘ఏమైనా మందులు వాడుతున్నారా?’ అని అడిగితే ‘లేదండీ’ అంటారు. గ్యాస్ బిళ్ల కూడా మందేనన్న తలంపే రాదు.

మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ కూడా ప్రొలాక్టిన్‌ను బాగానే పెంచుతాయి. రిస్పెరిడోన్ వాడేవారిలో అంకె వంద దాటడం అరుదేమీ కాదు. రక్తపోటుకు వాడే మందుల్లో వెరాపమిల్, మిథైల్‌డోపాలకూ ఈ గుణం ఉంది. కొన్ని గర్భనిరోధక మాత్రలతో స్వల్పంగా పెరగొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గ్యాస్ క్యాప్సూల్‌ను వైద్యుడితో మాట్లాడి మూడు రోజులో, అంతకన్నా కాస్త ఎక్కువో ఆపి మళ్లీ పరీక్షిస్తే చాలాసార్లు చిక్కుముడి విడిపోతుంది. మానసిక సమస్యల మందులను మాత్రం సొంతంగా ఒక్క పూట కూడా ఆపకండి. ఆపితే జబ్బు తిరగబెట్టి, ఉద్యోగం, కుటుంబం రెండూ చిక్కుల్లో పడతాయి. ఆ మందు రాసిన వైద్యుణ్నే కలవండి. ప్రొలాక్టిన్‌ను పెంచని అరిపిప్రజోల్ లాంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. మార్చాలా వద్దా అన్నది వారు తేలుస్తారు.

ఒక్కసారి రక్తంతో నాలుగు జవాబులు

మళ్లీ పరీక్ష అంటే మళ్లీ ఖర్చు, మళ్లీ సెలవు. రోజుకూలి మీద, కాంట్రాక్టు మీద పనిచేసేవారికి ఒక రోజు పోవటం చిన్న విషయమేమీ కాదు. అందుకే రెండోసారి వెళ్లినప్పుడు అన్నీ ఒకేసారి తేలేలా వైద్యుడితో మాట్లాడుకుని వెళ్లాలి.

మొదటిది గర్భ నిర్ధారణ పరీక్ష. గర్భిణుల్లో ప్రొలాక్టిన్ క్రమంగా పెరిగి, నెలలు నిండేసరికి 200 నానోగ్రాములు కూడా దాటొచ్చు. అది జబ్బు కాదు, బిడ్డ కోసం జరిగే ఏర్పాటు. నెలసరి తప్పిందని ప్రొలాక్టిన్ చేయించి, గర్భ పరీక్ష మరిచిపోతే అంతకన్నా పొరపాటు ఉండదు. బిడ్డకు పాలిస్తున్నవాళ్లకు, ఈమధ్యే పాలు మాన్పించినవాళ్లకు కూడా ఈ హార్మోన్ ఎక్కువగా ఉండటం సహజమే.

రెండోది థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్ పరీక్ష. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే దాన్ని ప్రేరేపించేందుకు మెదడు పంపే సంకేతం ప్రొలాక్టిన్‌ను కూడా ఎగదోస్తుంది. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి, అది అదుపులోకి వస్తే ప్రొలాక్టిన్ దానంతటదే దిగుతుంది. మూడోది మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఈ హార్మోన్ ఒంట్లోంచి సరిగ్గా బయటికి పోదు. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలోనూ పెరుగుతుంది.

నాలుగోది చాలామంది వినని ‘మాక్రోప్రొలాక్టిన్’. కొందరిలో ప్రొలాక్టిన్ అణువులు యాంటీబాడీలతో జతకట్టి పెద్ద ముద్దలుగా రక్తంలో తిరుగుతుంటాయి. ఇవి ఒంటి మీద పెద్దగా ప్రభావం చూపవు. అయితే యంత్రం వాటినీ లెక్కేసి ‘హై’ అని చూపిస్తుంది. ప్రొలాక్టిన్ ఎక్కువగా వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరి విషయంలో సంగతి ఇదే కావొచ్చు. అంకె పెరిగి లక్షణాలేవీ లేనివారికి దీన్ని తప్పక చూడాలి. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2011లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ ఈ సూచన ఉంది. అదే రక్త నమూనాతో చేయొచ్చు. అన్ని ల్యాబుల్లో ఉండదు కాబట్టి ముందే కనుక్కోవాలి.

జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకునేవారు ఆ సంగతీ చెప్పాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని హార్మోన్ పరీక్షల ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపమని వైద్యులు చెబుతారు.

ముందే స్కాన్ తీస్తే పోయేదేముంది?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ‘ఎలాగూ అనుమానం ఉంది, ఓసారి ఎమ్మారై తీయిస్తే మనసు కుదుటపడుతుంది కదా?’ అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎమ్మారై ఎప్పుడూ మనసును కుదుటపరచదు. ఏ సమస్యా లేని మామూలు మనుషులను వరసపెట్టి స్కాన్ చేసినా దాదాపు పదిమందిలో ఒకరికి పీయూష గ్రంథిలో చిన్న మచ్చో, నీటి తిత్తో, మిల్లీమీటర్లలో కొలిచే బుడిపో కనిపిస్తుంది. వాటిలో చాలావరకూ జీవితాంతం ఏ హానీ చేయవు. గ్యాస్ బిళ్ల వల్ల ప్రొలాక్టిన్ పెరిగిన మనిషికి తొందరపడి స్కాన్ తీస్తే, అందులో ఇలాంటి మచ్చ కనిపిస్తే? సంబంధం లేని ఆ రెండింటినీ ముడిపెట్టి ‘కణితి’ అని రాసేస్తారు. ఆపైన ఏళ్ల తరబడి మందులు, ఏటా స్కానులు, పెళ్లి సంబంధం దగ్గర గుసగుసలు.

ఇంకో సంగతి. థైరాయిడ్ బాగా తగ్గి, చాలాకాలం చికిత్స లేకుండా ఉండిపోయినవారిలో పీయూష గ్రంథి ఉబ్బుతుంది. ఎమ్మారైలో అచ్చం కణితిలాగే కనిపిస్తుంది. థైరాయిడ్ మాత్రలతోనే ఆ ఉబ్బు తగ్గిపోతుంది. టీఎస్‌హెచ్ చూడకుండా స్కాన్‌కు వెళ్లినవారు ఎంత పెద్ద గండంలో పడొచ్చో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ప్రొలాక్టిన్ పరీక్ష వందల్లో అయ్యే ఖర్చు, ఎమ్మారై వేలల్లో. వరస తప్పితే ఆ వేలతో పాటు ప్రశాంతతా పోతుంది.

వీళ్లు మాత్రం ఆగకూడదు

ఇంతవరకూ చెప్పింది చదివి ‘నాదీ గ్యాస్ బిళ్ల వ్యవహారమేలే’ అని రిపోర్టును బీరువాలో పడేయటమూ ప్రమాదమే. ఈ కింది ఆనవాళ్లలో ఏ ఒక్కటి ఉన్నా హార్మోన్ల నిపుణుణ్ని, అంటే ఎండోక్రైనాలజిస్టును త్వరగా కలవాలి.

* తలనొప్పితో పాటు చూపు తగ్గటం. ముఖ్యంగా పక్కచూపు. పెరిగిన కణితి పైనున్న చూపు నరాన్ని నొక్కితే రెండు వైపులా అంచులు మసకబారతాయి. ఎదురుగా బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. గడపకు భుజం తగలటం, పక్క నుంచి వచ్చే బండిని చివరి క్షణం దాకా గమనించకపోవటం దాని గుర్తులు. ట్యాంకర్లు, లారీలు తిరిగే పారిశ్రామికవాడ రోడ్ల మీద బైకు నడిపేవారికి ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

* ప్రొలాక్టిన్ 100 దాటటం, అందుకు మందులు గానీ గర్భం గానీ కారణం కాకపోవటం. 250 దాటితే ప్రొలాక్టిన్‌ను తయారుచేసే కణితి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

* సరైన వేళ, మందులు ఆపాక చేసిన రెండో పరీక్షలోనూ అంకె దిగకపోవటం. దానికి తోడు నెలసరి ఆగిపోవటం, గర్భం లేకుండా పాలు రావటం, పిల్లలు కలగకపోవటం.

* మగవాళ్లలో కోరిక తగ్గటం, అంగస్తంభన లోపం, రొమ్ములు పెరగటం.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు పోవటం ఒకేసారి వస్తే అది అత్యవసరం. కణితిలో రక్తస్రావం జరిగి ఉండొచ్చు. రిపోర్టులు వెతుక్కోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అంకె తక్కువగా ఉన్నా ధీమా పనికిరాని సందర్భం ఒకటుంది. స్కాన్‌లో కణితి పెద్దదిగా కనిపిస్తూ, ప్రొలాక్టిన్ మాత్రం కొద్దిగానే పెరిగి ఉంటే యంత్రమే పొరబడి ఉండొచ్చు. హార్మోన్ విపరీతంగా ఉన్నప్పుడు కొన్ని పరీక్షా విధానాలు దాన్ని తక్కువ చేసి చూపుతాయి. నమూనాను వంద రెట్లు పలచన చేసి మళ్లీ కొలిస్తే నిజం బయటపడుతుంది. ఇది ల్యాబుకు చెప్పి చేయించాల్సిన పని.

చెప్పుకోలేని జబ్బు

ఈ జబ్బును ముదిరేలా చేసేది చాలాసార్లు మన మొహమాటమే. పెళ్లికాని అమ్మాయికి రొమ్ము నుంచి పాలలాంటి ద్రవం వస్తే ఆమె ఎవరికి చెప్పుకొంటుంది? తల్లికి చెబితే ముందొచ్చేది అనుమానం. అందుకే దుస్తుల మాటున దాచుకుంటుంది. గర్భంతో ఏ సంబంధం లేకుండా మందుల వల్ల, థైరాయిడ్ వల్ల, పీయూష గ్రంథి వల్ల ఇలా జరుగుతుందని ప్రతి తల్లికీ తెలియాలి. కూతురి నడత మీద నింద వేసేముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. రక్తంతో కూడిన ద్రవం వచ్చినా, ఒక్క రొమ్ము నుంచే వస్తున్నా, గడ్డ తగిలినా అది వేరే దారి. రొమ్ము పరీక్ష వెంటనే చేయించాలి.

మగవాళ్ల తీరు ఇంకోలా ఉంటుంది. కోరిక తగ్గితే షిఫ్టుల అలసట అనుకుంటారు. లేదంటే గోడల మీద రాతలు చూసి, ఏముందో తెలియని పొడులు కొంటారు. ఆడవాళ్లకు నెలసరి తప్పటం తొలి గంటలా మోగుతుంది. మగవాళ్లకు అలాంటి గంట లేదు. వాళ్లలో ఈ కణితులు బయటపడేసరికి పెద్దవై ఉండటానికి ఇదొక కారణం. పిల్లలు కలగని ఇళ్లలో నేటికీ ముందు కోడలినే పరీక్షలకు పంపుతున్నారు. ప్రొలాక్టిన్ ఇద్దరిలో ఎవరికైనా పెరగొచ్చు. ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఏళ్ల తరబడి ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటే అండం, వీర్యం తయారీకి అవసరమైన హార్మోన్లు తగ్గుతాయి. దాంతో ఎముకలూ గుల్లబారతాయి. ‘పిల్లలు పుట్టేశారు కదా, నెలసరి రాకపోతే ఏం’ అనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నీళ్ల వల్లా? పొడి వల్లా?

బొల్లారంలో ఏ జబ్బు మాటెత్తినా ఈ ప్రశ్న రాక తప్పదు. అడిగేవారిని తప్పుపట్టలేం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా ప్రకటించినప్పుడు పటాన్‌చెరు-బొల్లారం అందులో ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పటాన్‌చెరులో శుద్ధిచేసి వదిలిన వ్యర్థజలాల్లోనే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందుల అవశేషాలను విపరీతమైన మోతాదులో గుర్తించింది. ఆ పోరాటం వేరు, అది సాగాల్సిందే. కానీ ఒక మనిషి రిపోర్టులోని ప్రొలాక్టిన్‌ను చూసి ‘ఇది నీళ్ల వల్ల పెరిగింది’ అని తేల్చే పరీక్ష లేదు. కోపంతో అసలు కారణాన్ని వెతకటం మానేస్తే నష్టపోయేది మనమే.

పనిచేసే చోట పీల్చే పొడి సంగతి మాత్రం వైద్యుడికి తప్పక చెప్పాలి. హార్మోన్ మాత్రలు తయారుచేసే కర్మాగారాల్లో ఆ పొడి సోకి మగ కార్మికులకు రొమ్ములు పెరిగిన ఉదంతాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. హార్మోన్లు, మానసిక సమస్యల మందులు, వాంతుల మందుల ముడిసరుకు తూచే, ఆరబెట్టే, పొడిచేసే విభాగాల్లో మీరు పనిచేస్తుంటే ఆ మందు పేరు రాసుకుని వెళ్లండి. ‘కెమికల్ కంపెనీలో చేస్తా’ అంటే వైద్యుడికి ఏమీ అర్థం కాదు. ప్రమాదకర పదార్థాలతో పనిచేసేవారికి ఏటా వైద్యపరీక్షలు చేయించటం యాజమాన్యాల చట్టబద్ధమైన బాధ్యత. ఆ పరీక్షల కాగితంలో ‘ఏ విభాగం, ఏ ఉత్పత్తి’ అన్న గడి నింపకపోతే అవి మొక్కుబడి తంతే.

కణితి అని తేలినా..

అన్ని మెట్లూ దాటాక ఎమ్మారైలో నిజంగానే ప్రొలాక్టిన్ కణితి కనిపించిందనుకుందాం. అప్పుడూ నిబ్బరంగా ఉండటానికి కారణాలున్నాయి. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. సెంటీమీటరు కన్నా చిన్నవే ఎక్కువ. మెదడు కణితి అనగానే తల తెరిచే శస్త్రచికిత్స గుర్తొస్తుంది కానీ, ఈ కణితికి ఎక్కువమందిలో మొదటి చికిత్స మాత్రలే. కాబర్గోలిన్‌ను సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటారు. ఇది డోపమిన్ మాదిరిగా పనిచేసి, జారిపోయిన కళ్లేన్ని మళ్లీ బిగిస్తుంది. ప్రొలాక్టిన్ దిగుతుంది, కణితి కుంచించుకుపోతుంది, చాలామందికి నెలసరి తిరిగొస్తుంది, గర్భం దాలుస్తారు. ఇంకా పిల్లలు వద్దనుకునేవారు ఆ జాగ్రత్త ముందే తీసుకోవాలి. వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగటం మొదట్లో ఉండొచ్చు. రాత్రి ఏదైనా తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. కొందరిలో జూదం, అదుపులేని ఖర్చు లాంటి వింత ఆసక్తులు పెరుగుతాయి. ఇంట్లోవాళ్లు కనిపెట్టి వైద్యుడికి చెప్పాలి.

ఖర్చు భయంతో దూరంగా ఉండొద్దు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారికి రామచంద్రాపురం, సనత్‌నగర్ ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రిలో, నిమ్స్‌లో హార్మోన్ల విభాగాలున్నాయి.

మారాల్సింది ఎవరు?

బాధ్యత అంతా రోగి మీద వేయటం న్యాయం కాదు. ల్యాబులు ప్రొలాక్టిన్ రిపోర్టు మీద రక్తం తీసిన సమయంతో పాటు, ఆ మనిషి ఎన్నింటికి నిద్ర లేచారన్నదీ రాయాలి. ఈ పరీక్షకు ఆరు గంటల ఇంటి సేకరణ మానేయాలి. లక్షణాలేవీ లేనివారి ప్యాకేజీల్లో దీన్ని చేర్చటం ఆపాలి. ఎందుకంటే అవసరం లేని పరీక్షలో వచ్చే చిన్న తేడా మరో నాలుగు అవసరం లేని పరీక్షలకు దారితీస్తుంది. మందుల దుకాణాలవారు డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూళ్లను చీటీ లేకుండా నెలలకు నెలలు ఇవ్వకూడదు. వైద్యులు స్కాన్ రాసే ముందు రెండు నిమిషాలు మందుల సంచి చూడాలి. తెలుగు రాని ఒడిశా, బిహార్ కార్మికులకు ఈ ప్రశ్నలు వాళ్ల భాషలో అడిగేవారు ఉండాలి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక చిన్న కాగితం మీద ఈ ఐదు సంగతులు రాసుకెళ్లండి. నిద్ర లేచిన ఎంతసేపటికి రక్తం ఇచ్చారు. గత మూడు నెలల్లో వేసుకున్న ప్రతి బిళ్ల పేరు, గ్యాస్ బిళ్లతో సహా. చివరి నెలసరి తేదీ. తలనొప్పి, చూపులో తేడా ఉన్నాయా. మీరు పనిచేసే విభాగంలో తయారయ్యే మందు ఏది.

రిపోర్టులో ఒక అంకే ఉంటుంది. దానికి అర్థం చెప్పేది ఈ ఐదు జవాబులు. అవి చేతిలో ఉంటే మళ్లీ రక్తం ఇస్తే చాలా, స్కాన్ దాకా వెళ్లాలా అన్నది మీరూ, మీ వైద్యుడూ కూర్చుని తేల్చుకోగలరు.